మొగులు చూస్తే చాలదు... నీళ్ళు చూడాలి!

రేడియోలో గానీ టీవీలో గానీ వాతావరణ వార్తలు వినే అలవాటున్న ప్రతి తెలుగువాడికీ రామగుండం పేరు తెలుసు. ఊరు చూసి వుండకపోవచ్చు. మ్యాపులో ఎక్కడుందో వేలుపెట్టి చూపించలేకపోవచ్చు. పేరు మాత్రం తెలుసు. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఎండల లెక్క చదివేటప్పుడు ఆ పేరు రాక తప్పదు. హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చుని ఆ అంకె విని "అబ్బో!" అనుకుని, మనం ఇంకో గ్లాసు మంచినీళ్ళు తాగుతాం. అంతటితో ఆ ఊరితో మన సంబంధం సరి. తమాషా ఏమిటంటే, ఆ ఫ్యాను తిప్పే కరెంటులో కొంత ఆ ఊరి నుంచే వచ్చి వుంటుంది!

ఈ వారం మిమ్మల్ని అక్కడికే తీసుకువెడుతున్నాను. ఎండ చూపించడానికి కాదు. ఎండ ఎక్కడైనా ఎండే. రాబోయే నాలుగు రోజుల్లో ఆకాశం ఏం చేస్తుందో, గోదావరి ఏం చేస్తుందో తెలుసుకోవడం మీద ఒక ఊరు ఊరంతా ఎలా బతుకుతుందో చూపించడానికి.

వెళ్ళే దారి

కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్ళే రైలెక్కితే రామగుండంలో దిగవచ్చు. రోడ్డు మీదయితే హైదరాబాదు నుంచి కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారి. రామగుండం వేరు, గోదావరిఖని వేరు అనుకుని కంగారు పడకండి. రెండూ ఒకే నగరపాలక సంస్థ కింద వున్నాయి. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. గోదావరి మీది వంతెన దాటితే అవతల మంచిర్యాల జిల్లా.

దూరం నుంచి ముందు కనిపించేవి ఎన్టీపీసీ వారి పొగగొట్టాలు. 1978లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన విద్యుత్కేంద్రం అది. 2600 మెగావాట్ల కర్మాగారం. తరువాత రోడ్డు పక్కన కొండలు కనిపిస్తాయి. కొత్తవాళ్ళు "ఎంత బాగున్నాయో కొండలు!" అంటారు. అవి దేవుడు పెట్టిన కొండలు కావు, మనిషి పోసిన కుప్పలు. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు అందాలంటే ముందు దాని మీది మట్టీ రాయీ తవ్వి ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదా! అలా పోయగా పోయగా లేచిన కొండలవి.

సింగరేణి చరిత్ర అందరికీ తెలిసిందే. 1871 ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు వున్నదని కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో. గోదావరి ఒడ్డున ఈ గనులు మొదలైంది మాత్రం 1960 ప్రాంతంలో. గోదావరి, ఖని కలిసి గోదావరిఖని. ఇంత సూటిగా పేరు పెట్టుకున్న ఊరు మరొకటి చూపించండి! ఏరూ గనీ, నీళ్ళూ బొగ్గూ పక్కపక్కన పడుకున్న ఊరు. అందులోనే వుంది ఈ ఊరి అందం. అందులోనే వుంది ప్రమాదం కూడా.

ఎండ ఒక్కటే అయితే ఫరవాలేదు

వేసవి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే రామగుండానికి అన్యాయం చేసినట్టే. 2015 మే నెల వడగాల్పులు గుర్తున్నాయా? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి రెండువేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. అటువంటి రోజుల్లో మనం తలుపులు బిగించుకుంటాం. ఓపెన్‌కాస్టులో షావెల్ నడిపేవాడూ డంపర్ తోలేవాడూ ఏ తలుపు బిగించుకుంటారు? పైన సూర్యుడు, కింద నల్లటి బొగ్గు. నలుపు వేడిని పట్టి వదలదు. అందుకే వేసవిలో గనుల దగ్గర చల్లటి నీళ్ళకూ మజ్జిగ ప్యాకెట్లకూ వుండే గిరాకీ మరి దేనికీ వుండదు.

అయినా పాత కార్మికులనడగండి, ఎండను వాళ్ళు శత్రువు కింద లెక్క కట్టరు. "ఎండ ఎదురుగ వస్తది సారూ. నీడకు పోతే ఇడిసిపెడ్తది" అన్నాడొక పెద్దాయన, చౌరస్తా దగ్గర టీకొట్టులో. ముప్ఫయ్యేళ్ళు బాయి దిగి రిటైరయిన మనిషి. ఇక్కడ గనిని 'బాయి' అంటారు, బావి అన్నమాట. బాయి పని, బాయి దిగుడు, బాయి మీద మీటింగు... అన్నీ బాయి చుట్టూనే.

"మరి వానో?" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీరు మొగులు దిక్కు జూస్తుండ్రు. మేం నీళ్ళ దిక్కు జూస్తం. వాన కొట్టి పోతది సారూ. నీళ్ళు పోవు. యాడనో ఓ కాడ దాసుకొని ఉంటయ్."

ఊరంతా తిరిగాక నాకు అర్థమయిందేమిటంటే, ఆ మాట ఒక్కటి చాలు ఈ ఊరిని తెలుసుకోవడానికి.

నాలుగు రంగుల జాతకం

జూన్ రెండో వారంలో తెలంగాణకు నైరుతి రుతుపవనాలు వస్తాయి. అక్టోబరు మధ్యకు వెళ్ళిపోతాయి. జూలై, ఆగస్టు నెలలు వాటి రాజ్యం. ఆ రోజుల్లో హైదరాబాదు వాతావరణ కేంద్రం ప్రతిరోజూ జిల్లాలవారీగా రాబోయే రోజుల జాతకం చెబుతుంది. ఆకుపచ్చ అయితే నిశ్చింత. పసుపు అయితే కనిపెట్టి వుండండి. నారింజ అయితే సిద్ధంగా వుండండి. ఎరుపు అయితే చేతిలో పని వదిలి ప్రాణం సంగతి చూడండి. ఒక్కరోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6కు చేరితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అని వాళ్ళ లెక్క.

మనకు ఈ మిల్లీమీటర్లు వింటే ఏమీ అనిపించదు. వంద మిల్లీమీటర్లంటే జానెడు కూడా లేదు కదా అనుకుంటాం. కాస్త లెక్క వెయ్యండి. ఒక చదరపు కిలోమీటరు గుంత మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే, అక్షరాలా పది కోట్ల లీటర్లు! పదివేల లీటర్లు పట్టే ట్యాంకర్లలో నింపితే పదివేల ట్యాంకర్లు. ఓపెన్‌కాస్టు అంటే అటువంటి గుంతే. చుట్టుపక్కల నేల మీద పడ్డదాన్ని కాలువలు తవ్వి మళ్ళించవచ్చు. గుంతలో పడ్డదాన్ని మళ్ళించడానికి దారేదీ? అడుగుకు చేరిందాన్ని పంపులు పెట్టి తోడాలి. తోడుతుండగానే మళ్ళీ వాన.

అడుగున నీళ్ళు ఒక బాధ, దారులు ఇంకో బాధ. డంపర్లు తిరిగే బాట మట్టి బాట. తడిస్తే జారుతుంది. అంత బరువుతో వంపు తిరిగే డంపరు జారిందంటే ఇక చెప్పేదేముంది! అందుకే గట్టి వాన పడినప్పుడల్లా "ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు ఉత్పత్తికి అంతరాయం" అని పేపర్లో వార్త వస్తుంది. మనం పేజీ తిప్పేస్తాం. ఇక్కడివాళ్ళు తిప్పరు. పేజీ తిప్పనిది బొగ్గు కోసం కాదు. మూడో షిఫ్టుకు వెళ్ళిన మనిషి ఇంకా ఇంటికి రాలేదు గనక.

ఇక్కడ ఎండ, అక్కడ వాన

ఇప్పుడు గోదావరి ఒడ్డుకు పోదాం. దానికి ముందు మిమ్మల్ని ఒక్క నిమిషం సముద్రం దగ్గరకు తీసుకువెళ్ళాలి.

విశాఖలో రుషికొండ దగ్గర కుర్రాళ్ళు పలక మీద నిలబడి అలల మీద స్వారీ చేస్తుంటారు. వాళ్ళనడిగితే ఒక విచిత్రం చెబుతారు. అల పుట్టేది ఒడ్డున కాదు. వేల మైళ్ళ అవతల ఎక్కడో తుఫాను గాలి వీస్తే, అక్కడ లేచిన ఉబ్బు రోజుల తరబడి ప్రయాణం చేసి ఇక్కడికి వస్తుంది. నీళ్ళ అడుగున రాతిదిబ్బ తగలగానే ఎత్తుగా లేచి విరుగుతుంది. పైన చూస్తే నీలాకాశం, గాలి కూడా వుండదు! దిబ్బ ఎక్కడుందో, ఉబ్బు ఎప్పుడు వస్తుందో తెలిసినవాడికి అది ఆట. తెలియనివాడికి అది చావు. అలలు ఎంత ఎత్తున వస్తాయో ముందుగా చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ సముద్రమే లేని హైదరాబాదులో వుందంటే మీకు నవ్వు రావచ్చు. దూరాన పుట్టినదాన్ని దూరంగా కూర్చుని కూడా కనిపెట్టవచ్చన్నమాట!

గోదావరిఖని దగ్గర గోదావరి సంగతీ ఇంతే. మీరు వంతెన మీద నిలబడ్డప్పుడు పైన చుక్క వాన వుండదు. మహారాష్ట్రలో కురిసిన వాన శ్రీరాంసాగర్‌కు వస్తుంది. అక్కడ 42 గేట్లు. ఆదిలాబాదు అడవుల్లో కురిసింది కడెం ప్రాజెక్టుకు వస్తుంది. అక్కడ 18 గేట్లు. ఆ రెండూ కలిసి ఎల్లంపల్లికి చేరతాయి. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు అంటే రామగుండానికి నెత్తి మీద కుండ లాంటిది. 20 టీఎంసీలు పట్టే జలాశయం, 62 గేట్లు. ఆ గేట్లు ఎత్తితే వచ్చేది తిన్నగా గోదావరిఖని ముందు నుంచే పోతుంది. లక్ష క్యూసెక్కులు వదిలారని వార్తల్లో వింటాం. అంటే సెకనుకు 28 లక్షల లీటర్లు! మీరు "ఒకటి" అనేలోగా 28 లక్షలు.

2022 జూలైలో ఏం జరిగిందో ఈ ప్రాంతంవాళ్ళను అడగండి. వారం రోజులు ముసురు పట్టింది. కడెం ప్రాజెక్టు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చి పడింది. కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. దేవుడి దయవల్ల కట్ట నిలిచింది. అదే వరద కిందికి పోయి పోయి, జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరిని 71.3 అడుగులకు లేపింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత నీరు అక్కడ చూడలేదు. ఇక్కడ ఓపెన్‌కాస్టులు చెరువులయ్యాయి.

ఇంకో సంగతి. 2019 తరువాత సుందిళ్ళ బ్యారేజీ నీళ్ళు వెనక్కి తన్నడంతో గోదావరిఖని దగ్గర నది నడివేసవిలో కూడా నిండుగా వుండేది. ఆ ఫొటోలు మీరు చూసే వుంటారు. 2023 అక్టోబరు 21న కింద మేడిగడ్డ బ్యారేజీ కుంగిన తరువాత ఆ వరస బ్యారేజీల్లో నీళ్ళు వదిలేశారు. దాంతో మళ్ళీ ఇసుక తేలింది, బండలు తేలాయి. కాబట్టి పాత ఫొటో నమ్ముకుని వెళ్ళకండి. నది ఇవాళ ఎలా వుందో ఇవాళే అడగాలి.

కనపడని చెరువులు

ఇంతవరకూ చెప్పింది కంటికి కనిపించే నీళ్ళ సంగతి. పెద్దాయన 'దాసుకొని ఉంటయ్' అన్నది వీటి గురించి కాదు.

భూగర్భ గనిలో బొగ్గు తీసేసిన చోట ఖాళీ మిగులుతుంది. సంవత్సరాలు గడిచేకొద్దీ పైనుంచి ఊరిన నీళ్ళు ఆ ఖాళీలో నిండుతాయి. అది భూమి లోపలి చెరువు. దానికి గట్టు లేదు, అలుగు లేదు, ఎవరికీ కనపడదు. పక్కన కొత్తగా తవ్వుకుంటూ పోయేవాడికీ ఆ చెరువుకూ మధ్య వున్నది బొగ్గు గోడ ఒక్కటే. అందుకే నీళ్ళు నిలిచిన పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపుకు వెళ్ళాలంటే ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలనీ, ముందుగా రంధ్రాలు వేసి చూసుకుంటూ పోవాలనీ గనుల నిబంధనలున్నాయి. గని నోరు ఎన్నడూ చూడనంత పెద్ద వరద కన్నా ఒకటిన్నర మీటరు ఎత్తున వుండాలని మరో నిబంధన. ఈ నిబంధనల్లో ప్రతి వాక్యం వెనకా ఎక్కడో కొందరి ప్రాణాలున్నాయి.

2003 జూన్ 16. గోదావరిఖని ఏడో ఎల్ఈపీ గని. నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. తేదీ చూడండి, జూన్ 16. వానలు ఇంకా సరిగ్గా మొదలైన రోజులు కూడా కావు!

సినిమా ప్రియులకు 'కాలా పత్థర్' గుర్తుండే వుంటుంది. యశ్ చోప్రా తీసిన 1979 నాటి హిందీ సినిమా. అమితాబ్, శశికపూర్, శత్రుఘ్న సిన్హా నటించారు. చివర్లో గనిలోకి నీళ్ళు దూసుకువచ్చే ఘట్టంలో హాల్లో ఊపిరి బిగబట్టి కూర్చోనివారు లేరు. ఆ కథకు మూలం ధన్‌బాద్ దగ్గరి చాస్నాలా గని ప్రమాదం. 375 మంది పోయారు. అది ఎప్పుడు జరిగిందనుకున్నారు? 1975 డిసెంబరు 27న. చలికాలంలో, పైన మబ్బు తునక కూడా లేని రోజుల్లో! పైన ఎప్పుడో కురిసి మనం మరిచిపోయిన వాన, కింద మరిచిపోకుండా కూర్చుని వుంటుంది.

కాబట్టి పెద్దాయన చెప్పింది వేదాంతం కాదు, అనుభవం. మొగులు చూసి నాలుగు రోజుల సంగతి చెప్పవచ్చు. నీళ్ళు ఎక్కడెక్కడ వున్నాయో రాసి పెట్టుకోకపోతే నలభై ఏళ్ళ తరువాత కూడా ప్రమాదమే. బాయిలో పాత మ్యాపు అంత ముఖ్యమైనది అందుకే.

తెర మీద బొగ్గూరు

మన తెలుగువాళ్ళూ ఈ నేలను తెరకెక్కించారు. 2023 మార్చి 30న విడుదలైన 'దసరా' కథ ఈ గోదావరిఖని పక్క ఊరిదే. నాని ఒంటినిండా మసి పూసుకుని బొగ్గు దొంగగా కనిపించాడు. శ్రీకాంత్ ఓదెల దర్శకుడు. కథలో ఊరు వీర్లపల్లి. తెర మీద కనిపించిన ఆ ఊరు మాత్రం హైదరాబాదు పక్కన వేసిన సెట్టు. ఎందుకని అడగనక్కర్లేదు. గనుల ఊళ్ళో నెలల తరబడి అవుట్‌డోర్ పెట్టుకుంటే దుమ్మూ ఎండా వానా కాల్‌షీట్లు చూసుకుని వస్తాయా!

అయినా నా మాట విని ఎవరైనా కెమెరామన్ నవంబరు, జనవరి మధ్య ఒకసారి వచ్చి చూడాలి. పొద్దున్నే గోదావరి మీద మంచు లేస్తుంది. మట్టికొండల వెనక నుంచి ఎర్రటి సూర్యుడు. పొగగొట్టాల పొగ నిటారుగా పైకి. మొదటి షిఫ్టుకు సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ బారులు తీరతాయి. అది ఏ సెట్టులోనూ రాదు.

మీరు వెళ్ళేటట్టయితే...

చూడదగ్గవి లేకపోలేదు. రామగుండానికి ఆ పేరు తెచ్చిన రాముని గుండాలున్నాయి. కొండరాళ్ళ మీద సహజంగా ఏర్పడ్డ గుండాలు, మొత్తం 108 అని చెబుతారు, వనవాసంలో రాముడు ఇక్కడ ఆగాడని నమ్మకం. వానాకాలంలో రాళ్ళ మీద నుంచి నీళ్ళు దూకుతాయి. ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో పనిలోకి వచ్చిన 100 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం నీళ్ళ మీద తేలుతుంటుంది. బొగ్గు ఊళ్ళో సూర్యుణ్ణి కూడా పనిలో పెట్టుకున్నారు!

వెళ్ళేముందు మాత్రం మూడు పనులు చెయ్యండి. ఒకటి, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలకు ఏ రంగు వేశారో చూడండి. రెండు, అంతటితో ఆగకండి. నిర్మల్, నిజామాబాద్, నాందేడ్ వైపు ఏం కురిసిందో చూడండి. శ్రీరాంసాగర్, కడెం, ఎల్లంపల్లి గేట్లు ఎన్ని ఎత్తారో వార్తల్లో వస్తుంది, అది చదవండి. మూడు, ఒడ్డున టీకొట్టువాణ్ణి అడగండి. "నీళ్ళు పెరుగుతున్నయా, తీస్తున్నయా?" అని ఒక్క మాట. అతను 'పెరుగుతున్నయ్' అన్నాడా, ఎంత ఎండ కాస్తున్నా నదిలోకి కాలు పెట్టవద్దు. ఇసుక మధ్య బండ మీద నిలబడి ఫొటో తీయించుకోవాలనే సరదా వద్దు. గేట్లు ఎత్తితే ఆ బండకూ ఒడ్డుకూ మధ్య ముందు నీళ్ళు వస్తాయి, తరువాతే మీకు సంగతి తెలుస్తుంది. గుండాల దగ్గర కూడా నాచుపట్టిన రాళ్ళ మీద పందేలు వద్దు.

వానలు వెలిసి, ఆకాశం కడిగిన అద్దంలా అయి, "ఇంక ఫరవాలేదు" అని మనందరం అనుకునే రోజు ఒకటి వస్తుంది. గోదావరిఖనిలో పంపులు మాత్రం ఆ రోజూ ఆగవు. ఓపెన్‌కాస్టు అడుగున, భూగర్భ గనుల్లో, రాత్రీ పగలూ తోడుతూనే వుంటాయి. మనకు వాన వార్త అయిపోయింది. వాళ్ళకు నీళ్ళ పని ఇప్పుడే మొదలైంది. ఈసారి వార్తల్లో రామగుండం పేరు విన్నప్పుడు ఎండ అంకె ఒక్కటే వినకండి. ఆ పంపుల చప్పుడు కూడా వినబడితే, ఆ ఊరు మీకు కొంచెం తెలిసినట్టే.